మౌంటెన్ బైక్‌కి స్టీల్ ఫోర్క్ చేత్తో కట్టుకోవడం: గీత నుంచి తొలి రైడ్ దాకా

ఫ్రేములో ఏదైనా ట్యూబ్ పగిలితే సైకిల్ చాలాసార్లు ముందే చెబుతుంది. కిర్రుమంటుంది, తొక్కుతుంటే ఊగుతుంది, దిగి చూసుకునే వ్యవధి ఇస్తుంది. ముందు చక్రాన్ని రెండు కాళ్ల మధ్య పట్టుకునే ఫోర్క్ విరిగితే ఆ వ్యవధి ఉండదు. ముందు చక్రం ఒక్కసారిగా కింద నుంచి వెళ్లిపోతుంది, మనిషి ముఖం మీద పడతాడు. అందుకే ఫ్రేములు చక్కగా కట్టేవాళ్లలో కూడా చాలామంది ఫోర్క్ మాత్రం కొని తగిలిస్తారు. వాళ్లను నేను తప్పుపట్టను. కానీ భయం ఎక్కడ పెట్టుకోవాలో తెలిస్తే ఈ పని చేయగలిగినదే. నేను కట్టిన ఫోర్కుల్లో నన్ను భయపెట్టినది ఒకటుంది. దాని కథ సరైన చోట చెబుతాను.

గ్యాస్ బ్రేజింగ్ (గ్యాస్ మంటతో ఇత్తడి కరిగించి స్టీల్‌ని అతకడం) అసలు రానివాళ్లు ముందు దగ్గర్లోని ఏదైనా ఫ్యాబ్రికేషన్ షాపులో కొన్నాళ్లు కూర్చుని, పాత ట్యూబుల మీద చేయి తిప్పండి. మొదటి అతుకు ఫోర్క్ మీద వేయకూడదు.

ఏ ఫోర్క్ కడుతున్నాం

1970ల్లో కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీ కొండల్లో పాత బరువైన క్రూయిజర్ సైకిళ్ల మీద దిగేవాళ్లు. 1976లో అక్కడ రీప్యాక్ అనే దిగుడు పందేలు మొదలయ్యాయి. 1977లో వాళ్లలో ఒకడైన జో బ్రీజ్ క్రోమోలీ (క్రోమియం, మాలిబ్డినం కలిసిన స్టీల్) ట్యూబులతో, ఆ దారుల కోసమే ఒక సైకిల్ కట్టాడు. అప్పటి నుంచి 1989లో రాక్‌షాక్స్ ఆర్ఎస్-1 సస్పెన్షన్ (దెబ్బకు దిగి లేచే) ఫోర్క్ వచ్చేదాకా, కొండ సైకిల్ అంటే స్టీల్ ఫోర్కే. ఇప్పటికీ దూర ప్రయాణాలకు, సామాను కట్టుకుని తిరిగేవాళ్లకు, సర్వీసింగ్ గొడవ వద్దనుకునేవాళ్లకు దీన్ని మించింది లేదు.

మనం కట్టేది 29 అంగుళాల చక్రానికి, డిస్క్ బ్రేక్‌తో, 100 మి.మీ. హబ్‌కి, 15 మి.మీ. థ్రూ యాక్సిల్‌తో (కాళ్ల చివరి రంధ్రాల్లోంచి దూర్చి బిగించే ఇరుసు). కాళ్లు నిటారు ట్యూబులు. క్రౌన్ (కాళ్లు పైన కలిసే చోటు) దగ్గర కాళ్లను వంచకుండా, స్టీరర్‌కి (ఫ్రేములోంచి హ్యాండిల్ దాకా వెళ్లే నిలువు ట్యూబుకి) రెండు వైపులా పొట్టి చేతులు అతికి, వాటికి కాళ్లు అతుకుతాం. ఈ పద్ధతిని సెగ్మెంటెడ్ అంటారు. ట్యూబ్ వంచే యంత్రం అక్కర్లేదు, ప్రతి అతుకూ కంటికి కనిపిస్తుంది. ఇంట్లో కట్టేవాళ్లకు నా సలహా ఇదే.

థ్రూ యాక్సిల్ ఎందుకంటే: డిస్క్ కాలిపర్ (రోటర్ అనే బ్రేకు పళ్లేన్ని ప్యాడ్లతో నొక్కేది) ఎడమ కాలు వెనక ఉంటుంది కాబట్టి, బ్రేక్ పట్టినప్పుడు యాక్సిల్‌ని డ్రాపౌట్ (కాలి చివర యాక్సిల్ కూర్చునే ముక్క) లోంచి కిందికి నెట్టే బలం పుడుతుంది. కిందికి తెరిచిన పాత రకం డ్రాపౌట్‌లో క్విక్ రిలీజ్ (చేత్తో తిప్పి బిగించే లివర్) వదులుగా ఉంటే చక్రం ఊడే ప్రమాదం ఉంది. 2003 ప్రాంతంలో ఈ సంగతి బయటికొచ్చి పెద్ద చర్చే జరిగింది. యాక్సిల్ చుట్టూ మూసి ఉన్న రంధ్రం పెడితే ఆ టెన్షనే ఉండదు.

కొలతలు, నిలువెత్తు గీత

మూడు అంకెలు తేల్చుకోండి: యాక్సిల్ నుంచి క్రౌన్ రేస్ సీటు (స్టీరర్ అడుగున హెడ్‌సెట్ బేరింగ్ రింగు కూర్చునే చోటు) దాకా పొడవు, రేక్, స్టీరర్ పొడవు.

మీ ఫ్రేము 100 మి.మీ. సస్పెన్షన్ ఫోర్క్ కోసం గీసినదైతే, ఆ ఫోర్క్ పొడవు 510 మి.మీ. చుట్టుపక్కల ఉంటుంది. మనిషి కూర్చుంటే అది 20–25 మి.మీ. దిగుతుంది. స్టీల్ ఫోర్క్ దిగదు కాబట్టి 480–490 మి.మీ. సరిపోతుంది. ఇక్కడి లెక్కలకు 480 తీసుకుంటున్నాను.

రేక్ అంటే స్టీరర్ గీత నుంచి యాక్సిల్ ఎంత ముందుకు ఉందో ఆ దూరం. హ్యాండిల్ తిప్పితే ఎలా ఉంటుందో తేల్చేది ట్రెయిల్, అంటే స్టీరర్ గీత నేలను తాకే చోటుకి టైరు నేలను తాకే చోటు ఎంత వెనక ఉందో ఆ దూరం. దాని లెక్క: చక్రం వ్యాసార్థాన్ని హెడ్ యాంగిల్ (స్టీరర్ నేలతో చేసే కోణం) కొసైన్‌తో గుణించి, అందులోంచి రేక్ తీసేసి, హెడ్ యాంగిల్ సైన్‌తో భాగించాలి. హెడ్ యాంగిల్ 69 డిగ్రీలు, టైరుతో కలిపి వ్యాసార్థం 365 మి.మీ., రేక్ 45 అయితే ట్రెయిల్ 92 మి.మీ. వస్తుంది. రేక్ 51 చేస్తే 85–86కి పడిపోతుంది. మొదటిది దిగుడులో స్థిరంగా ఉంటుంది, రెండోది నెమ్మదిగా వెళ్లేటప్పుడు చులాగ్గా తిరుగుతుంది. రాళ్ల దారుల్లో నేను 45 వైపే మొగ్గుతాను.

కాళ్లు నిటారువి కాబట్టి ఆ 45 మి.మీ. రేక్ కాళ్ల వాలు నుంచే రావాలి. 480కి 45 అంటే సుమారు 5.4 డిగ్రీలు. డ్రాపౌట్‌లోనే కొంత ముందుకు జరిపి ఉంటే ఆ మేరకు వాలు తగ్గించండి.

ఇప్పుడు గోడకో బల్లకో మందపాటి కాగితం అతికించి, ఫోర్క్‌ని నిలువెత్తు సైజులో రెండు వైపుల నుంచీ గీయండి. టైరు గీయండి, రోటర్ గీయండి, కాలిపర్ గీయండి. టైరుకి కాళ్లకు మధ్య ఒక్కో పక్క కనీసం 6 మి.మీ., బురదలో తిరిగేవాళ్లకు 10 మి.మీ. ఉండాలి. కంప్యూటర్‌లో గీసినా సరే, ఒకసారి అసలు సైజులో కాగితం మీదికి దించండి. కాలిపర్ బోల్టుకి అలెన్ కీ పట్టే చోటు ఉందో లేదో దాని మీదే తెలుస్తుంది.

బలం ఎంత పడుతుంది, ఎక్కడ పడుతుంది

ఈ భాగం దాటేయకండి. తర్వాత తీసుకునే నిర్ణయాలన్నీ ఇక్కడి నుంచే వస్తాయి.

మనిషి, సైకిల్ కలిపి 90 కిలోలు అనుకుందాం. ముందు బ్రేక్ గట్టిగా పట్టి వెనక చక్రం లేచే అంచుకు వస్తే, టైరు దగ్గర వెనక్కి లాగే బలం సుమారు 530 న్యూటన్లు. నేల నుంచి క్రౌన్ ఎత్తు దాదాపు 0.81 మీటర్లు. గుణిస్తే ఫోర్క్‌ని వెనక్కి వంచే మొమెంట్ 430 న్యూటన్-మీటర్లు. అదే సమయంలో బరువంతా ముందు చక్రం మీదే ఉంది కాబట్టి, నేల పైకి నెట్టే బలం ఫోర్క్‌ని ముందుకు వంచుతుంది, అది 190 దాకా. తీసేస్తే క్రౌన్ దగ్గర మిగిలేది 240 న్యూటన్-మీటర్లు. బ్రేక్ వదిలి రాయి మీద దబ్బున దిగితే వంపు అటు తిరుగుతుంది. అటూ ఇటూ, వేల సార్లు. స్టీల్‌ని అలసిపోయేలా చేసేది ఈ తిరుగుడే.

అదే బ్రేకింగ్‌లో హబ్ దగ్గర తిప్పే బలం 530 × 0.365, అంటే సుమారు 193 న్యూటన్-మీటర్లు. 180 మి.మీ. రోటర్‌ని ప్యాడ్లు పట్టుకునే వ్యాసార్థం 80 మి.మీ. అనుకుంటే, కాలిపర్ మీద పడే బలం 2,400 న్యూటన్లు దాటుతుంది. దాదాపు 245 కిలోల బరువు, ఎడమ కాలికి అతికిన చిన్న ఇనుప రేకు మీద! కుడి కాలికి ఆ బాధే లేదు. రిమ్ బ్రేక్ కాలంలో కట్టిన పలచటి కాళ్లు డిస్క్‌కి పనికిరాకపోవడానికి కారణం ఇదే.

ట్యూబులు, సామాను

4130 క్రోమోలీ తీసుకోండి. ఇందులో 0.3 శాతం దగ్గర కార్బన్, 1 శాతం దగ్గర క్రోమియం, కొద్దిగా మాలిబ్డినం ఉంటాయి. సైకిల్ ట్యూబులు అమ్మే విదేశీ దుకాణాల నుంచి తెప్పించుకోవచ్చు. పాత ఇనుప సామాను అంగట్లో దొరికే పేరులేని పైపు మాత్రం వద్దు, ఎంత బాగా కనిపించినా సరే.

కాళ్లకు 28.6 మి.మీ. వ్యాసం, 1.2 మి.మీ. మందం. 25.4తో పోలిస్తే బరువు 13 శాతం పెరుగుతుంది, బిగువు 40 శాతానికి పైగా పెరుగుతుంది. లాభం మనదే. చేతులకు 28.6 మి.మీ., 1.6 మి.మీ. మందం. ముందువెనకల వంపు కాళ్ల నుంచి చేతుల్లోకి మెలితిప్పే బలంగా మారుతుంది, దాన్ని ఓర్చుకోవడంలో గుండ్రటి ట్యూబ్‌ని మించింది లేదు.

స్టీరర్ 28.6 మి.మీ., కింది చివర మందంగా, పైన పలచగా ఉండే బట్టెడ్ రకం: కింద 2.5 మి.మీ. దాకా, పైన 1.6. తేడా ఏమిటో చూడండి. చివర పరీక్షలో వేసే 280 న్యూటన్-మీటర్ల వంపుకి 2.5 మి.మీ. గోడలో ఒత్తిడి 230 మెగాపాస్కల్ దగ్గర ఉంటుంది. 1.6 గోడలో 320 దాటుతుంది. నార్మలైజ్ చేసిన 4130 లొంగిపోయేది (శాశ్వతంగా వంగిపోయేది) 435 దగ్గర. స్టీరర్ బయటి నుంచి రెండు చివరలా ఒకేలా కనిపిస్తుంది. వెర్నియర్‌తో లోపలి రంధ్రం కొలిచి, చిన్న రంధ్రం ఉన్న వైపు మార్కర్‌తో పెద్దగా ‘కింద’ అని రాయండి. పొడవు తగ్గించేటప్పుడు ఎప్పుడూ పై చివరే కోయాలి.

స్టీరర్ కింది చివరకు 31.8 మి.మీ. వ్యాసం, 1.47 మి.మీ. గోడ ఉన్న ట్యూబ్ ముక్కను తొడుగులా వేస్తాం. ఇది 28.6 మీదికి ఒక్కో పక్క 0.1 మి.మీ. సందుతో జారుతుంది, ఇత్తడి పాకడానికి కావలసినంత. తొడుగు పై అంచునే లేత్ మీద మలిచి క్రౌన్ రేస్ సీటు చేస్తాం.

డ్రాపౌట్లు, యాక్సిల్ ఒకే సెట్‌గా, మర కోసి ఉన్నవి కొనండి. డిస్క్ ట్యాబ్ (కాలిపర్ బిగించే రేకు) ఐఎస్ రకం, రంధ్రాల మధ్య 51 మి.మీ. పోస్ట్ మౌంట్ అనే రెండో రకానికి 74 మి.మీ. దూరం, కాలిపర్ రెండు చిన్న దిమ్మెల మీద నిలబడాలి, చేత్తో కట్టేవాళ్లకు కష్టం. అన్నీ కలిపి ఫోర్క్ బరువు 1.3 నుంచి 1.5 కిలోలు వస్తుంది.

జిగ్

ఖరీదైన జిగ్ (అతికేటప్పుడు ముక్కల్ని సరైన చోట పట్టి ఉంచే చట్రం) అక్కర్లేదు. సమతలంగా ఉన్న మందపాటి ఇనుప చానల్ ముక్క, స్టీరర్ కూర్చోడానికి రెండు వి-బ్లాకులు, రెండో చివర లేత్ మీద 100 మి.మీ.కి తిప్పిన డమ్మీ యాక్సిల్ చాలు. యాక్సిల్ మధ్య బిందువు స్టీరర్ మధ్య గీత నుంచి 45 మి.మీ. ఎత్తులో, సీటు నుంచి 480 మి.మీ. పొడవులో ఉండేలా బిగించండి. పొడవును స్టీరర్ గీత వెంబడి కొలిచేవాళ్లూ ఉన్నారు, యాక్సిల్‌కి నేరుగా కొలిచేవాళ్లూ ఉన్నారు. తేడా 2 మి.మీ. మాత్రమే, కానీ ఒకటే పద్ధతి పట్టుకోండి. డిస్క్ ట్యాబ్ కోసం కూడా ఆ డమ్మీ యాక్సిల్ మీదే ఒక పట్టు చేయించుకోండి.

కోత

ట్యూబ్ చివరను, అది ఆనే ట్యూబ్ గుండ్రానికి సరిగ్గా సరిపోయేలా కోయడమే మైటర్. హాక్సాతో ఉజ్జాయింపుగా కోసి, అర్ధగుండ్రపు ఆకురాయితో రుద్దుతూ రండి. కాగితం మీద ముద్రించిన మైటర్ నమూనాను ట్యూబుకి చుట్టి గీసుకుంటే పని సగం తగ్గుతుంది. వెనక లైటు పెట్టి చూస్తే సందులోంచి వెలుగు సన్నటి గీతలా కూడా కనిపించకూడదు. ఇత్తడి సందు నింపగలదు గానీ, సందు పెద్దదైతే వేడి ఎక్కువ పెట్టాలి, చల్లారాక లాగుడు కూడా ఎక్కువే. నేను ఒక్కో మైటర్‌కి అరగంటకు తక్కువ పెట్టను.

చేతులకు, కాళ్లకు మైటర్ సమాన వ్యాసాల మధ్య వస్తుంది కాబట్టి అంచులు కత్తిలా పలచబడతాయి. మంట తగలగానే అవి కాలిపోతాయి. ఆకురాయితో రెండు దెబ్బలు వేసి మొద్దు చేయండి.

మూసుకుపోయే ప్రతి ట్యూబుకీ గాలి రంధ్రం కావాలి. చేయి లోంచి స్టీరర్ వైపు, చేయి లోంచి కాలి వైపు, అతుకు లోపల పడేలా 4–5 మి.మీ. రంధ్రాలు. మరిచిపోతే లోపలి గాలి వేడెక్కి కరిగిన ఇత్తడిలోంచి బుడగలుగా పేలుతుంది, అతుకులో గుంట పడుతుంది.

తర్వాత శుభ్రం. అతుకు పడే చోటుకు రెండు పక్కలా 20 మి.మీ. దాకా, లోపలా బయటా, ఎమ్రీ పేపర్‌తో తెల్లగా మెరిసేలా రుద్ది, అసిటోన్‌తో తుడవండి. ఆ తర్వాత చేత్తో ముట్టుకోవద్దు. వేలి జిడ్డు చాలు, ఇత్తడి అక్కడ ముడుచుకుపోతుంది.

అతకడం

టిగ్ వెల్డింగ్ (కరెంటు ఆర్క్‌తో స్టీల్‌నే కరిగించి అతకడం) బాగా వచ్చినవాళ్లు టిగ్‌తో చేయొచ్చు. ఇంట్లో కట్టేవాళ్లకు నేను ఇత్తడి ఫిల్లెట్ బ్రేజింగే చెబుతాను. టిగ్‌లో చేయి కాస్త తడబడినా పూస అంచున సన్నటి గాడి పడుతుంది. కంటికి ఆనదు, పగులు మాత్రం అక్కడే మొదలవుతుంది. ఫిల్లెట్ రెండు ట్యూబుల మధ్య వంపుగా పరుచుకుంటుంది, బలం మెల్లగా ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి పోతుంది.

ఇత్తడికి బదులు కొందరు వాడే వెండి రాడ్ గురించి ఒక గట్టి మాట. మార్కెట్‌లో కాడ్మియం కలిసిన వెండి రాడ్లు ఇంకా దొరుకుతాయి. ఆ పొగ ప్రాణం తీస్తుంది. ‘కాడ్మియం ఫ్రీ’ అని రాసి లేనిది ఇంట్లోకే రానివ్వద్దు. అసలు ఈ ఫోర్క్‌కి వెండి అవసరమే లేదు. వెండి రాడ్ 650 డిగ్రీలకే కరుగుతుంది. దాని పక్కన 880 డిగ్రీల ఇత్తడి పని చేస్తే అది మళ్లీ కరిగి కదులుతుంది. మొత్తం ఇత్తడితోనే చేయండి. ఇత్తడిలోని జింకు పొగ కూడా జ్వరం తెప్పిస్తుంది, కాబట్టి తలుపులు తీసి, గాలి మీ వీపు వైపు నుంచి వచ్చేలా నిలబడండి.

వరుస ఇది: ముందు తొడుగు, తర్వాత చేతులు స్టీరర్‌కి, తర్వాత డ్రాపౌట్లు కాళ్లకు, చివర కాళ్లు చేతులకు. ప్రతిదాన్నీ జిగ్‌లో నాలుగు చోట్ల ఎదురెదురుగా టాక్ (చిన్న చుక్క అతుకు) వేసి, జిగ్‌లోంచి తీసి కొలిచి, సరిగా ఉంటేనే పూర్తి చేయండి. జిగ్‌లో బిగించే పూర్తిగా అతికితే, తీయగానే లోపలి లాగుడంతా వంకరగా బయటపడుతుంది.

మంట న్యూట్రల్‌గా, మెత్తగా పెట్టండి. ఫ్లక్స్ (ఇత్తడి పాకేలా స్టీల్‌ని శుభ్రంగా ఉంచే లేపనం) పూసిన చోటును మొదట విశాలంగా వేడి చేయండి. తెల్లటి ఫ్లక్స్ పొంగి, తర్వాత నీళ్లలా పలచబడి, గాజులా స్వచ్ఛమవుతుంది. కింద స్టీల్ ముదురు ఎరుపు నుంచి నిప్పు కణిక రంగుకి, ఆ పైన నారింజ వైపుకి వస్తుంది. అప్పుడు రాడ్ తాకించండి. వేడి సరిగ్గా ఉంటే ఇత్తడి పెనం మీద నెయ్యిలా పాకి, సందులోకి లాక్కోబడుతుంది. బొట్టులా నిలబడితే స్టీల్ ఇంకా చల్లగా ఉంది. తెల్లటి పొగ లేచి ఇత్తడి ఉడికితే వేడి మించిపోయింది. ముందు పలచటి పొర చుట్టూ పాకించి సందు నింపండి, తర్వాత రెండో విడతలో ఫిల్లెట్ కట్టండి. చిటికెన వేలు ఆ వంపులో ఆనేంత గుండ్రం చాలు.

మంటను ఎప్పుడూ మందపాటి ముక్క వైపు ఎక్కువ చూపించండి. డ్రాపౌట్, కాలు కలిసే చోట ఇది మరీ ముఖ్యం.

అయ్యాక నీళ్లు చల్లొద్దు, ఫ్యాన్ పెట్టొద్దు. 4130 వేడిగా ఉండగా త్వరగా చల్లారితే పెళుసెక్కుతుంది. నిలకడ గాలిలో దానంతట అదే చల్లారాలి. తర్వాత వేడి నీళ్లలో గంటల తరబడి నానబెడితే గాజులాంటి ఫ్లక్స్ ఊడొస్తుంది.

డిస్క్ ట్యాబ్

నన్ను భయపెట్టిన ఫోర్క్ ఇక్కడే దెబ్బతింది. అది నా మూడోది. ట్యాబ్‌ని బలంగా అతకాలన్న ఆత్రంలో పై చివర ఇత్తడిని కాలికి అడ్డంగా మందపాటి గుబ్బలా కట్టాను. నాలుగు నెలలు బాగానే తిరిగింది. ఒక ఆదివారం సైకిల్ కడుగుతుంటే ఆ గుబ్బ పైన, పెయింట్ మీద వెంట్రుకంత గోధుమ రంగు గీత కనిపించింది. గోటితో గీకాను, పోలేదు. పెయింట్ తీసి చూస్తే కాలి చుట్టుకొలతలో పావు వంతు పగులు. ముందు రోజే రాళ్ల దిగుడు దిగి వచ్చాను.

కాలు గుబ్బ దాకా బిగుసుకుపోయి ఉంది, గుబ్బ దాటగానే మెత్తగా వంగుతోంది. ఆ మార్పు ఒక్క మిల్లీమీటర్‌లో జరిగితే అలసటంతా అక్కడే పోగవుతుంది. కాబట్టి ట్యాబ్ పై చివర పొడుగ్గా, నాలుకలా సన్నబడేలా మలచండి. ఇత్తడి ట్యాబ్ పక్కల వెంబడి పొడుగునా ఉండాలి, పైన కాలి మీదికి పలచగా జారిపోవాలి. అడ్డంగా గట్టు కట్టొద్దు. తర్వాత గుండ్రటి ఆకురాయితో ఆ చివరను నున్నగా చేయండి, స్టీల్‌ని మాత్రం కోయకుండా. ఇంకా ధీమా కావాలంటే ఎడమ కాలు ఒక్కటే 1.5 మి.మీ. మందంలో తీసుకోండి. ఇప్పుడు నేను చేసేది అదే.

వంకర చూడటం, సీటు మలచడం

వంకర లేకుండా ట్రూ చేసిన చక్రం పెట్టి, టైరుకి రెండు కాళ్లకూ దూరం కొలవండి. తర్వాత కాలిపర్ లేకుండా చక్రాన్ని తిప్పి పెట్టి మళ్లీ కొలవండి. రెండుసార్లూ ఒకే కాలి వైపు జరిగితే తప్పు ఫోర్క్‌ది. తిప్పగానే రెండో వైపుకి మారితే తప్పు చక్రానిది. 1 మి.మీ. దాకా తేడాను చల్లగా ఉండగానే పొడుగాటి పట్టుతో మెల్లగా లాగి సరిచేయొచ్చు. అంతకు మించితే అతుకు విప్పి మళ్లీ కట్టడమే.

క్రౌన్ రేస్ సీటు 30.1 మి.మీ.కి, స్టీరర్‌కి ఏకకేంద్రంగా రావాలి. లేత్ మనిషికి ఈ అంకె నోటితో చెప్పకండి, కాగితం మీద రాసివ్వండి, హెడ్‌సెట్ రేస్ కూడా చేతికివ్వండి. సీటు మూలలో పదునైన గాడి పడకుండా చిన్న గుండ్రం ఉంచమని చెప్పండి. ఫోర్క్‌లో అతి ఎక్కువ వంపు పడే చోటు అదే.

పరీక్ష

మొదటి ఫోర్క్‌ని నేను తొక్కలేదు. కోసేశాను. మీరూ అదే చేయండి. అతుకుల్ని నిలువునా హాక్సాతో కోసి, ఇత్తడి లోపలి దాకా పాకిందో లేదో చూడండి. ఒక అతుకు ముక్కను వైస్‌లో బిగించి, ట్యూబ్ నలిగేదాకా సుత్తితో కొట్టండి. ట్యూబ్ నలగాలి, అతుకు ఊడకూడదు.

తొక్కబోయే ఫోర్క్‌కి రెండు పరీక్షలు. ఒకటి, స్టీరర్‌ని వి-బ్లాకుల్లో అడ్డంగా బిగించి, యాక్సిల్‌కి 60 కిలోలు వేలాడదీయండి. క్రౌన్ దగ్గర సుమారు 280 న్యూటన్-మీటర్లు పడుతుంది, మనం లెక్కవేసిన బ్రేకింగ్ కంటే కొంచెం ఎక్కువ. డయల్ గేజ్ పెట్టి, బరువు తీశాక ముల్లు మళ్లీ సున్నాకి వచ్చిందో లేదో చూడండి. ఫోర్క్‌ని తిప్పి రెండో వైపు కూడా. 0.2 మి.మీ. తేడా మిగిలినా ఎక్కడో ఏదో లొంగింది, తొక్కకండి. బరువు కింద కాళ్లు పెట్టి నిలబడొద్దు.

రెండోది డై పెనెట్రెంట్ పరీక్ష. ఫ్యాబ్రికేషన్ షాపుల్లో వాడే మూడు స్ప్రే డబ్బాలు: శుభ్రం చేసేది, ఎర్రటి రంగు, తెల్లటి పొడి. పగులు ఉంటే తెలుపు మీద ఎర్రటి గీత తేలుతుంది. పెయింట్ వేయకముందే, బరువు పరీక్షకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి చేయండి.

ఫ్యాక్టరీ ఫోర్కులు ఐఎస్ఓ 4210 ప్రమాణం కింద లక్ష సార్లు అటూ ఇటూ వంచే పరీక్ష దాటాలి. ఇంట్లో మనం అది చేయలేం. అందుకే మీరు కట్టిన ఫోర్క్ మీ సైకిల్‌కే ఉండాలి. స్నేహితుడు ఎంత అడిగినా, కనీసం ఒక ఏడాది మీరు తొక్కి చూడకుండా ఇవ్వకండి.

పెయింట్, తొలి రైడ్లు

పౌడర్ కోటింగ్ 200 డిగ్రీల లోపే కాబట్టి ఇత్తడికి ఏమీ కాదు. రేస్ సీటు, ట్యాబ్ ముఖాలు, యాక్సిల్ మరలు టేపుతో మూయించండి. కాళ్ల కింద నీరు కారే చిన్న రంధ్రాలు మాత్రం తెరిచే ఉంచాలి. పెయింట్ ఆరాక ఆ రంధ్రాల్లోంచి ఉడికించిన అవిసె నూనె పోసి, ఫోర్క్‌ని అన్ని వైపులా తిప్పి, ఒక రాత్రి తలకిందులుగా వేలాడదీయండి. విశాఖ లాంటి చోట్ల ఉప్పు గాలికి లోపలి తుప్పే ముందు మొదలవుతుంది, అది బయటికి కనపడదు.

మొదటి రోజు ఖాళీ మైదానంలో, హెల్మెట్‌తో, మెల్లగా వెళ్తూ బ్రేకులు పట్టి చూడండి. తర్వాత వారం మట్టి దారి. 50 కిలోమీటర్లకు ఒకసారి, 200కి ఒకసారి, ఆ తర్వాత నెలకోసారి చక్రం తీసి, టార్చి లైటుతో మూడు చోట్లు చూడండి: రేస్ సీటు కింద, చేతులు స్టీరర్‌ని కలిసే చోట, డిస్క్ ట్యాబ్ పై చివర. నేను ఇప్పుడు ఫోర్కులన్నిటికీ లేత పసుపో తెలుపో వేయిస్తాను. పగులు నుంచి వచ్చే తుప్పు గీత నల్ల పెయింట్ మీద దాక్కుంటుంది, తెలుపు మీద మొదటి రోజే కనిపిస్తుంది.